శవసేనతో గెలవడం ఎలా: వెస్నోత్‌లో అన్‌డెడ్ ఆడేవాళ్లకి

పర్లాకిమిడిలో మా వీధి పిల్ల గుంటలు, కాశీనగర్ నుంచి వచ్చే ఇద్దరు, బోర్డరు అవతల పాతపట్నం తమ్ముడొకడు, అందరూ నన్ను అడిగేది ఒకటే. "అన్నయ్యా, అస్థిపంజరాలు గట్టివంటావు కదా, నావి పొద్దున్నే ఇట్టే ఎందుకు రాలిపోతున్నాయి?" జవాబు ప్రశ్నలోనే ఉంది. పొద్దున్నే కాబట్టి.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నా గొంతు పోయింది. అందుకే వరసగా రాసి పెడుతున్నాను. ఆట పేరు బ్యాటిల్ ఫర్ వెస్నోత్. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టాడు. పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. చదరంగంలాగా ఒకరి తర్వాత ఒకరు ఆడతారు, గడులు మాత్రం ఆరు కోణాలవి. ఇందులో చచ్చినవాళ్ల సైన్యం ఆటతోపాటే వస్తుంది. మోడ్‌గా, అంటే ఆడేవాళ్లే తయారుచేసి పంచుకునే అదనపు సరుకుగా, దింపుకునే శవసేనలు వేరే ఉన్నాయి. ముందు ఆటలో ఉన్నదాన్ని లొంగదీసుకోండి, తర్వాత మోడ్ జోలికి వెళ్లండి. ఈ వరస తప్పినవాళ్లే ఎక్కువగా తిరిగొచ్చి ప్రశ్నలు వేస్తున్నారు.

ఏం కావాలి

మామూలు ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆట సైజు వందల ఎంబీల్లో ఉంటుంది కాబట్టి డేటా మిగిలిన రోజు, రాత్రిపూట దింపుకోండి. ఒకసారి దింపాక ఇంటర్నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లా ఎలా అయిందో చూసినవాళ్లకి నెట్ అక్కర్లేని ఆట విలువ వేరే చెప్పక్కర్లేదు. ఛార్జింగ్ ఉండాలనుకోండి, అది వేరే సంగతి.

మౌస్ ఉంటే మంచిది. టచ్‌ప్యాడ్ మీద ఒక గడి అనుకుని పక్క గడి నొక్కేస్తాం. ఒక నోటుబుక్కు కూడా పెట్టుకోండి, ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు పేర్లు

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఆటలో ఇంగ్లిషు. సగంమంది పేర్ల దగ్గరే ఆగిపోతున్నారు. మేం పిలుచుకునే పేర్లు ఇవి.

వాకింగ్ కార్ప్స్‌ని శవం అంటాం, 8 బంగారాలు. వాంపైర్ బ్యాట్ గబ్బిలం, 13. స్కెలిటన్ ఆర్చర్ విల్లుగూడు, 14. స్కెలిటన్ ఎముకలగూడు, 15. గూల్ పిశాచం, 16. గోస్ట్ దెయ్యం, 20. డార్క్ అడెప్ట్ కూడా 16 బంగారాలే, వాడిని మావాళ్లు చిల్లంగోడు అంటారు. ఆ మాట ఆటలోనే వాడండి. మన కొండ ఊళ్లలో నిజం మనిషి మీద ఆ మాట పడితే ప్రాణాల మీదకి వస్తుంది. అందుకే నేను మంత్రగాడు అని రాస్తాను.

వెర్షన్ మారినప్పుడు ధరలు, దెబ్బల అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతుంటాయి. ఇక్కడ రాసినదానికీ మీ తెర మీద ఉన్నదానికీ తేడా వస్తే తెర మీద ఉన్నదే నిజం.

1. ఆట ఎక్కించుకోండి

వెస్నోత్ సొంత సైటు, స్టీమ్, ఇచ్ డాట్ ఐఓ, ఈ మూడింటిలో ఎక్కడినుంచైనా ఉచితంగానే వస్తుంది. ఎవరైనా డబ్బులడిగితే అది మీరు వెతుకుతున్న ఆట కాదు. వెర్షన్ నంబరులో మధ్య అంకె సరి సంఖ్య అయితే, అంటే 1.16, 1.18 లాంటివైతే, అది స్థిరమైన వెర్షన్. బేసి సంఖ్య అయితే ఇంకా తయారవుతున్నది. కొత్తవాళ్లు సరి సంఖ్య ఉన్నదే తీసుకోండి.

ఇద్దరు స్నేహితులు వేరువేరు ల్యాప్‌టాప్‌ల మీద కలిసి ఆడాలంటే ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి. ఒకే ల్యాప్‌టాప్ మీద వంతులవారీగా ఆడితే ఈ గొడవ ఉండదు. మేం ఎక్కువగా అలాగే ఆడతాం. ఒకడు ఆడుతుంటే రెండోవాడు వెళ్లి టీ పెట్టుకొస్తాడు.

2. ఆట పెట్టుకునే తీరు

మెయిన్ మెనూలో మల్టీప్లేయర్ నొక్కి, లోకల్ గేమ్ ఎంచుకోండి. ఇద్దరు ఆడే చిన్న మ్యాప్ తీసుకోండి. ఎరా, అంటే సైన్యాల జాబితా, దాని దగ్గర డిఫాల్ట్ ఉంచండి. తర్వాత తెరలో మీ వైపు అన్‌డెడ్, ఎదుటి వైపు కంప్యూటర్ ప్లేయర్. మొదటిసారి ఎదుటి సైన్యంగా లాయలిస్ట్స్‌ని పెట్టండి. వాళ్లు మనుషులు, ఎక్కువమంది పగటి బలం ఉన్నవాళ్లు. ఈ సైన్యం నేర్పే పాఠం వాళ్ల మీదే బాగా తెలుస్తుంది.

ఇక్కడ రెండు సెట్టింగులు మార్చండి. ర్యాండమ్ స్టార్ట్ టైమ్ అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేయండి. అది ఉంటే ఆట ఏ పూటైనా మొదలవుతుంది, నేను కింద రాసే టర్ను నంబర్లు మీకు సరిపోవు. రెండోది ఫాగ్ ఆఫ్ వార్. నేర్చుకునే రోజుల్లో అది కూడా తీసేయండి. ఎదుటివాడు కనిపిస్తుంటేనే మీ తప్పు మీకు తెలుస్తుంది.

3. మొదటి 100 బంగారాలు ఇలా పెట్టండి

చాలామంది ఆరు ఎముకలగూళ్లు కొనేసి, "సైన్యం రెడీ" అనుకుంటారు. ఎదుట మేజ్, అంటే నిప్పు విసిరే మాయగాడు, కనిపించగానే ఆ సైన్యం పొయ్యిలో పుల్లలే.

నేను మామూలుగా కొనే లెక్క: మంత్రగాళ్లు ఇద్దరు 32, పిశాచం 16, ఎముకలగూడు 15, విల్లుగూడు 14, గబ్బిలం 13. మొత్తం 90. రెండో టర్నులో మిగిలిన దాంట్లోంచి 8 పెట్టి ఒక శవం. 100 బంగారాలతో మొదలైతే ఏడుగురు వచ్చినట్టు.

గబ్బిలాన్ని యుద్ధానికి పంపకండి. అది టర్నుకి 8 గడులు ఎగురుతుంది. దూరంగా ఉన్న ఊళ్లను దానితో పట్టించండి, తర్వాత ఎదుటివాడి వెనక ఊళ్ల మీద తిప్పండి. ఒక్క ఊరు లాగేసినా వాడు ఒకరినో ఇద్దరినో వెనక్కి పంపాల్సిందే. అంతకన్నా దానినుంచి ఎక్కువ ఆశించొద్దు.

ఊళ్ల విషయంలో ఇంకో మాట. ఊరు బంగారం ఇస్తుంది, సైనికుల ఖర్చులో కొంత మోస్తుంది, దెబ్బ తిన్నవాడు అందులో నిలబడితే టర్నుకి 8 ప్రాణం తిరిగొస్తుంది. శవం లెవెల్ సున్నా కాబట్టి దానికి నెలజీతం లాంటి ఖర్చు ఏమీ ఉండదు. డబ్బు బిగిసినప్పుడు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

4. గడియారం చూడటం నేర్చుకోండి

అసలు ఆట ఇక్కడుంది. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి.

వెస్నోత్‌లో రోజుకి ఆరు టర్నులు. 1 తెల్లవారుజాము, 2 ఉదయం, 3 మధ్యాహ్నం, 4 మునిమాపు, 5 తొలిజాము, 6 మలిజాము. ఏడో టర్నుకి మళ్లీ తెల్లవారుతుంది. మన సైన్యం దెబ్బ రాత్రి 25 శాతం పెరుగుతుంది, పగలు 25 శాతం తగ్గుతుంది. లాయలిస్టుల్లో ఎక్కువమందికి దీనికి తిరగేసి. తెల్లవారుజామున, మునిమాపున ఎవరికీ లాభనష్టాలు లేవు.

శాతాలు వింటే చిన్నగా అనిపిస్తాయి. అంకెల్లో చూద్దాం. ఎముకలగూడు గొడ్డలి దెబ్బ 7, మూడుసార్లు. రాత్రి అది 9, పగలు 5. మూడూ తగిలితే రాత్రి 27, పగలు 15. మనిషి అదే, గొడ్డలి అదే, ఇంచుమించు సగమైపోయింది.

ఇప్పుడు ఎదుటివైపు చూడండి. మేజ్ నిప్పు దెబ్బ 7, మూడుసార్లు. ఎముకలకి నిప్పు 20 శాతం ఎక్కువ తగులుతుంది. పగటిపూట అది 10 అవుతుంది, రాత్రి 6. ఇక హెవీ ఇన్‌ఫాంట్రీ, ఆ ఇనప గుదియవాడు, వాడి దెబ్బ 11, రెండుసార్లు. ఎముకల మీద పగలు అది 16. రెండూ తగిలితే 32. మన గూడు ప్రాణం 34. మిగిలిన రెండు ప్రాణాలు ఎవడైనా మీదకి వస్తే పోతాయి. అదే పగలు ఈటెవాడు పొడిస్తే మాత్రం దెబ్బకి 4. ఎముకల సందుల్లోంచి ఈటె దూరిపోతుందన్నమాట.

గుంటల ప్రశ్నకి ఇదే జవాబు. గూళ్లు గట్టివే. కత్తికి, ఈటెకి, బాణానికి గట్టివి. గుదియకి, నిప్పుకి, ఆర్కేన్ అనే పవిత్ర దెబ్బకి మెత్తనివి. ఆ మెత్తని దెబ్బలు కొట్టేవాళ్లు పగలే బలంగా ఉంటారు.

కాబట్టి టర్నుల వరస ఇలా పెట్టుకోండి.

1 నుంచి 3 దాకా ఊళ్లు పట్టండి, మ్యాప్ మధ్యకి చేరకండి. 4లో ముందుకి కదలండి. 5, 6లో కొట్టండి. 7లో దెబ్బ తిన్నవాళ్లని వెనక్కి లాగండి. 8, 9లో ఎంత నామోషీగా అనిపించినా వెనకే ఉండండి. 10లో మళ్లీ బయలుదేరండి.

ఇందులో ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ గమనించరు. మీరు మొదటి ఆటగాడైతే 6వ టర్నులో మీరు కొట్టాక ఎదుటివాడు తిరిగి కొట్టేది కూడా 6లోనే, రాత్రిలోనే. మీరు రెండో ఆటగాడైతే మీ 6 అయ్యాక వాడు కొట్టేది 7లో, తెల్లవారాక. కాబట్టి రెండో ఆటగాడికి మలిజాములో మరీ ముందుకి వెళ్లడం ప్రమాదం. దానికి బదులు ఒక లాభం ఉంది. 3వ టర్ను మధ్యాహ్నం మీరు ముందడుగు వేసినా వాడి జవాబు మునిమాపులో వస్తుంది, అప్పటికి వాడి పగటి బలం పోయి ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా నేను చాలాకాలం "రెండో చోటు అచ్చిరాదు" అని మూఢనమ్మకంతో ఆడాను.

5. పగలు ఎలా నిలబడాలి

వెనక్కి తగ్గడమంటే పారిపోవడం కాదు. మంచి నేల చూసుకుని నిలబడటం. ఎముకలగూడు మైదానంలో ఉంటే దెబ్బ తప్పించుకునే అవకాశం 40 శాతం. ఊళ్లోనో కోటలోనో ఉంటే 60. లోతు తక్కువ నీళ్లలో ఉంటే 20. కాబట్టి మీరు కోటలోనూ ఊళ్లలోనూ ఉండి, వాడు నీళ్లలో నిలబడి మిమ్మల్ని కొట్టాల్సి వచ్చేలా చూసుకోండి. మహేంద్రతనయ గడ్డకి ఇవతల ఒడ్డున మీరు, నడుం లోతు నీళ్లలో వాడు, అలా ఊహించుకోండి.

పగటిపూట ముందు నిలబెట్టాల్సింది పిశాచాన్ని. దాని గోరు దెబ్బ చిన్నదే, కానీ విషం ఎక్కిస్తుంది. విషం టర్నుకి 8 ప్రాణం తీస్తుంది. చంపదు, 1 దగ్గర ఆగుతుంది. విషం ఎక్కినవాడు ఊరికి గానీ వైద్యం తెలిసినవాడి దగ్గరకి గానీ పోవాలి. పోతే వాడి పగలు వృథా అయినట్టే, పోకపోతే రాత్రికి మీ చేతిలో చస్తాడు. విషం ఉన్నవాడినే మళ్లీ మళ్లీ పిశాచంతో కొట్టించకండి, రెండుసార్లు ఎక్కినా లెక్క ఒకటే. కొత్తవాడిని గీరండి.

మంత్రగాళ్లని ఎక్కడ పెట్టాలో చూడ్డానికి ఒక కీ ఉంది. కంట్రోల్ పట్టుకుని వి నొక్కండి. ఎదుటివాళ్లు వచ్చే టర్నులో ఎక్కడెక్కడికి చేరగలరో తెర మీద వెలుగుతుంది. మీ మంత్రగాడు ఆ వెలుతురులో ఉంటే జరపండి. కదిపినది తప్పనిపిస్తే యు నొక్కితే వెనక్కి వస్తుంది. యుద్ధం జరిగాక మాత్రం రాదు.

6. రాత్రి ఎలా కొట్టాలి

మంత్రగాడే మీ ఫిరంగి. చలిదెబ్బ 10, రెండుసార్లు. రాత్రి 12, పగలు 8. అది మాయదెబ్బ కాబట్టి ఎదుటివాడు కోటలో ఉన్నా కొండ మీద ఉన్నా 70 శాతం తగులుతుంది. కోటలో నక్కినవాడిని బయటికి లాగాలంటే వీడే దిక్కు.

వీడి లోపం ఒకటే, అది చాలా పెద్దది. దగ్గరకొచ్చి కొట్టేవాడిని తిరిగి ఒక్క దెబ్బ కూడా కొట్టలేడు. చేతులు ముడుచుకుని నిలబడతాడు. కంప్యూటర్‌కి ఇలాంటివాళ్లంటే ప్రాణం. గూళ్లన్నిటినీ వదిలేసి వీడి మీదకే వస్తుంది.

అందుకే దాడికి ఒక వరస ఉంది. ముందు గూడు గానీ పిశాచం గానీ వెళ్లి ఎదుటివాడి పక్కన నిలబడాలి. లెవెల్ 1, ఆపైన ఉన్న ప్రతివాడికీ చుట్టూ ఆరు గడుల మీద అదుపు ఉంటుంది. ఆ గడుల్లోకి అడుగుపెట్టిన శత్రువు అక్కడే ఆగిపోవాలి. ఇద్దరు గూళ్లని మధ్యలో రెండు గడుల ఎడం వదిలి నిలబెడితే వాటి మధ్యలోంచి ఎవడూ ఒక్క టర్నులో దూరి వెళ్లలేడు. ఆ గోడ కట్టాకే మంత్రగాడు వచ్చి కొట్టాలి. కొట్టాక వాడి పక్కన ఖాళీ గడులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. శత్రువు చేరగలిగే ఖాళీ గడి ఒకటుంటే సరే, రెండుంటే ఆలోచించండి, మూడుంటే ఆ దాడి మానేయండి.

శవంతో గోడ కట్టకండి. లెవెల్ సున్నా కాబట్టి దానికి అదుపు లేదు, పక్కనుంచే దర్జాగా నడిచి వెళ్లిపోతారు. గడి నింపడానికి మాత్రం పనికొస్తుంది. మంత్రగాడి పక్కన ఖాళీ మిగిలితే అందులో శవాన్ని కూర్చోబెట్టండి.

మంత్రగాడు ఎవరిని కొట్టాలి? దూరంనుంచి కొట్టలేనివాడిని. ఇనప గుదియవాడికి దూరం దెబ్బ లేదు, కాబట్టి జవాబు రాదు. మీ గూళ్లని చితక్కొట్టేవాడికి మంత్రగాడే మందు. మేజ్‌ని మాత్రం గూడుతో దగ్గరకెళ్లి కొట్టండి, దగ్గర పోట్లాటలో మేజ్ మెత్తన.

దెయ్యం గురించి అడుగుతుంటారు. 20 బంగారాలు పెట్టదగినదే, ఎదుటివాడి దగ్గర మాయగాళ్లు, నిప్పు లేనప్పుడు. కత్తి, ఈటె, గుదియ మూడూ దాని మీద సగమే పనిచేస్తాయి, పైగా దగ్గరకెళ్లి కొట్టినప్పుడల్లా ఎదుటివాడి ప్రాణం కొంత తాగుతుంది. కానీ మొత్తం ప్రాణం 18. మేజ్ కనపడితే దెయ్యాన్ని దాచేయండి.

7. శవాలని పెంచుకోవడం

శవం ఎవరినైనా చంపితే చచ్చినవాడు మీ వైపు శవమై లేస్తాడు. ఊరికే వచ్చిన సైనికుడు. ఇది చూసి ఎగిరి గంతేసి అందరూ పదేసి శవాలు కొంటారు. దాని దెబ్బ 6, రెండుసార్లు. అంతటితో ఎవరూ చావరు. మిగతావాళ్లు కొట్టి కొట్టి అయిదారు ప్రాణాలు మిగిల్చాక ఆఖరి దెబ్బ శవానికి వదలాలి.

రెండు మినహాయింపులు. ఊళ్లో నిలబడినవాడు చస్తే లేవడు. ముందే చచ్చినవాడు, అంటే ఎదుట కూడా అన్‌డెడ్ అయితే, లేవడు. "మోడ్ పాడైంది" అని నాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ రెండే.

ఆఖరి దెబ్బ శవానికా, మంత్రగాడికా? మంత్రగాడు లెవెల్ పెరిగితే డార్క్ సోర్సరర్ అవుతాడు, అప్పుడు దగ్గర పోట్లాటలో కూడా తిరిగి కొడతాడు. ఆట మొదట్లో నేను మంత్రగాడికే ఇస్తాను. పెరగడానికి ఒక్క హత్య దూరంలో ఉంటే ఆలోచించక్కర్లేదు, వాడికే. లెవెల్ పెరిగిన వెంటనే ప్రాణం కూడా పూర్తిగా నిండుతుంది, అది మరవకండి.

8. ఎదుటివాడిని బట్టి కొనుగోలు

ఓర్క్‌లు వస్తే ఎముకలగూళ్లు పెంచండి. వాళ్ల గ్రంట్‌లది కత్తి దెబ్బే. ట్రోల్ పిల్ల గుదియ దెబ్బ కొడుతుంది, ఆర్చర్ నిప్పు బాణం వేస్తాడు, ట్రోల్ పిల్లని మంత్రగాళ్లకి అప్పజెప్పండి, ఆర్చర్‌ని మేజ్‌లాగే గూడుతో దగ్గరకెళ్లి కొట్టండి. ఓర్క్‌లు కూడా రాత్రి బలం ఉన్నవాళ్లే, కాబట్టి గడియారం ఇద్దరికీ సమానం.

డ్రేక్‌లు, అంటే డ్రాగన్ జాతివాళ్లు, వస్తే మంత్రగాళ్లు, విల్లుగూళ్లు. వాటికి చలి పడదు, ఈటె బాణం పడవు, పెద్ద ఒళ్లు కాబట్టి తప్పించుకోవడం కూడా తక్కువ. నిప్పు కక్కే బర్నర్ ముందు మాత్రం గూళ్లని పగలు నిలబెట్టకండి.

ఎల్ఫ్‌ల బాణాలకి గూళ్లు నవ్వుకుంటాయి. కానీ వాళ్లతో వోస్ అనే చెట్టుమనిషి వస్తాడు, వాడిది పెద్ద గుదియ దెబ్బ. వాడికి దూరం దెబ్బ లేదు. ఇద్దరు మంత్రగాళ్లు, ఒక రాత్రి.

మరుగుజ్జులకి పగలూ రాత్రీ ఒకటే, కొండ మీద కూర్చుంటే దెబ్బ తగలదు. 70 శాతం మాయదెబ్బ అక్కడే అక్కరకొస్తుంది. వాళ్ల దగ్గర గొడ్డలితోపాటు సుత్తి కూడా ఉంటుంది, గూళ్లు చూసి సుత్తి తీస్తారు.

ఎదుట కూడా అన్‌డెడ్ అయితే చలిదెబ్బ గూళ్ల మీద పారదు. మంత్రగాడి రెండో దెబ్బ, ఆర్కేన్‌ది వాడండి. 8 బంగారాల శవం దెబ్బ గుదియ జాతిదే కాబట్టి గూళ్ల మీద ధరకి మించి పనిచేస్తుంది.

9. ఇప్పుడు మోడ్

పైదంతా ఆడి కంప్యూటర్ మీద మూడుసార్లు గెలిచాక మెయిన్ మెనూలో యాడ్-ఆన్స్ తెరవండి. దీనికి నెట్ కావాలి, ఫోన్ హాట్‌స్పాట్ చాలు. జాబితాలో రకం దగ్గర ఎరా అని ఎంచుకోండి. సైన్యాల మోడ్‌లని ఈ ఆటలో ఎరా అంటారు. రక్తపిశాచుల సైన్యం కావాలంటే ఎరా ఆఫ్ మిత్స్ వెతకండి. చాలా ఎరాలని ఒకే మూటలో కట్టినది ఏజ్‌లెస్ ఎరా, అది పెద్దది, డేటా చూసుకోండి. ఇంకేదైనా జత కావాలని అడిగితే సరే అనండి, లేకపోతే పనిచేయదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు.

దింపాక క్యాంపెయిన్‌లో వెతకడం. ఎరా అక్కడ కనిపించదు. 2వ మెట్టులో చెప్పిన లోకల్ గేమ్ తెరలో ఎరా దగ్గర డిఫాల్ట్ బదులు దాని పేరు ఎంచుకోవాలి. కథతో శవసేన ఆడాలంటే ఆటతోపాటే వచ్చే డిసెంట్ ఇన్‌టు డార్క్‌నెస్ క్యాంపెయిన్ ఉంది, దానికి మోడ్ అక్కర్లేదు.

ఆట కొత్త వెర్షన్ వేసి పాత మోడ్‌లు కనపడట్లేదని కంగారుపడటం. 1.16కి, 1.18కి యాడ్-ఆన్ సర్వర్లు వేరువేరు. కొత్త దానిలో ఆ మోడ్ ఎక్కించి ఉంటే మళ్లీ దింపుకోవాలి, లేకపోతే లేదు.

సగం ఆటలో మోడ్ అప్‌డేట్ చేయడం. ఇది నేనే చేశాను. రెండు సాయంత్రాలు ఆడిన ఆట సేవ్ చేసి, మూడోరోజు అప్‌డేట్ నొక్కాను. సేవ్ తెరుచుకోలేదు. ఆట పూర్తయ్యేదాకా అప్‌డేట్ ముట్టుకోకండి.

మోడ్‌లో కొత్త సైన్యం ఎదురైతే దాని బొమ్మల అందం చూసి కొనకండి. ఎఫ్1 నొక్కి హెల్ప్‌లో ప్రతి యూనిట్ పేజీ తెరిచి నాలుగు విషయాలు నోటుబుక్కులో రాసుకోండి. రాత్రి బలమా, పగటి బలమా. గుదియకి, నిప్పుకి, ఆర్కేన్‌కి ఎంత మెత్తన. తిరిగి కొట్టలేనివాడు ఎవడు. లెవెల్ సున్నా ఎవరు. శవసేన అని పేరున్నంతమాత్రాన అందరూ రాత్రి బలం ఉన్నవాళ్లే అవ్వాలని లేదు, మోడ్ చేసినవాడి ఇష్టం. పేజీ చదవకుండా అలవాటు కొద్దీ 5వ టర్నులో మొదటి దాడి వేసినవాళ్లు ఉన్నారు, పేర్లు చెప్పను, వాళ్లు ఇది చదువుతారు.

10. సరిగ్గా ఆడుతున్నారో లేదో చూసుకోవడం

దాడి చేసే ముందు వచ్చే చిన్న తెరలో డ్యామేజ్ కాలిక్యులేషన్స్ అని బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎవరు చచ్చే అవకాశం ఎంతో శాతాల్లో చూపిస్తుంది. మొదటి పది ఆటల్లో ప్రతి దాడికీ నొక్కండి. విసుగనిపిస్తుంది, కానీ ఏది ఎంత తగులుతుందో చేతికి అలవాటవుతుంది.

ఆట అయ్యాక మెనూలో స్టాటిస్టిక్స్ తెరవండి. మీరు కొట్టిన దెబ్బ, కొట్టాల్సిన సగటు దెబ్బ రెండూ పక్కపక్కన ఉంటాయి. "నా అదృష్టం బాగోలేదు" అనేవాళ్లకి ఇది అద్దం. నిజంగా అదృష్టం తక్కువైతే అక్కడ కనిపిస్తుంది. నాకు చూపించినవాటిలో చాలావరకు అంకెలు సగటు దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు నోటుబుక్కు. ఆటకి ఒక పేజీ. మీవాళ్లు చచ్చినప్పుడల్లా అది ఎన్నో టర్నో, ఎవరు చచ్చారో రాయండి, అంతే. గుర్తులేకపోతే ఆట ముగిశాక రీప్లే నడిపించి చూసుకోవచ్చు. చావులు ఎక్కువగా 2, 3, 8, 9, 14, 15 టర్నుల్లో ఉంటే 4వ మెట్టు మళ్లీ చదవండి, మీరు పగలు పోట్లాడుతున్నారు. రాత్రి టర్నుల్లో మంత్రగాళ్లే చస్తుంటే 6వ మెట్టులో గడుల లెక్క తప్పుతోంది. చావులు రాత్రీ పగలూ చెదురుమదురుగా ఉండి కూడా ఓడిపోతుంటే ఊళ్లు లెక్కపెట్టండి, ఎదుటివాడికి మీకన్నా రెండు మూడు ఎక్కువ ఉండే ఉంటాయి.

ఈసారి నన్ను అడగడానికి వచ్చేటప్పుడు ఆ పేజీ పట్టుకుని రండి.